ఏ రాష్ట్రానికి ఎంత పంపారు?

లాభం ఎంతొచ్చిందని ఆదాయపన్ను వాళ్లు అడుగుతారు. సేల్స్ టాక్స్ వాళ్లకు మీ లాభంతో నిమిత్తం లేదు. ఏం అమ్మారు, ఎంతకు అమ్మారు, ఏ రాష్ట్రానికి పంపారు, ఈ మూడే వాళ్లకు కావాలి. నష్టానికి అమ్మినా అమ్మకం అమ్మకమే. అమెరికాలో ఇంట్లో ఒక గదిని దుకాణంగా మార్చుకుని, ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లోనో, వాట్సాప్ గ్రూపుల్లోనో, ఎట్సీలోనో, సొంత షాపిఫై సైటులోనో చీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు, వెండి పూజ సామాను అమ్మే మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పుస్తకాల్లో మొదటి రెండింటికీ లెక్క ఉంటుంది. మూడోదానికి ఉండదు. వ్యాపారం చిన్నగా ఉన్నన్నాళ్లు ఆ లోటు తెలియదు. తెలిసేసరికి ఏదో ఒక రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చి ఉంటుంది.

ఈ మూడో గడి ఎందుకంత ముఖ్యమైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే అమ్మకపు పన్ను లేదు. మన జీఎస్టీ లాంటిది అక్కడ వెతక్కండి, దొరకదు. 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఎవరి పన్ను వారు వేసుకుంటాయి. వాటి కింద కౌంటీలు, నగరాలు కూడా తమ వాటా కలుపుతాయి. అలాస్కా, డెలవేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్‌లలో రాష్ట్ర స్థాయి పన్ను లేదు. అలాస్కాలో మాత్రం ఊళ్లు వేసుకుంటాయి. చాలాకాలం పాటు ఒక్కటే నియమం: మీ దుకాణమో, గిడ్డంగో, మనిషో ఆ రాష్ట్రంలో ఉంటేనే అక్కడి పన్ను మీరు వసూలు చేయాలి. 1967లో బెల్లాస్ హెస్ కేసులో, మళ్లీ 1992లో క్విల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. క్విల్ కేటలాగుల ద్వారా ఆఫీసు సామాన్లు అమ్మే కంపెనీ. పోస్టులో వచ్చే కేటలాగుల కోసం చెప్పిన మాట ఆ తర్వాత పుట్టిన ఇంటర్నెట్ అంగళ్లన్నింటికీ గొడుగైంది.

కొన్నవాళ్లు మాత్రం పన్ను తప్పించుకున్నట్టు కాదు. అమ్మినవాడు వసూలు చేయకపోతే కొన్నవాడే యూజ్ టాక్స్ పేరుతో రాష్ట్రానికి కట్టాలని చట్టం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కట్టిన మహానుభావులు ఎందరో మీరే ఊహించుకోండి. రాష్ట్రాలకు ఇలా ఏటా 800 కోట్ల డాలర్ల నుంచి 3,300 కోట్ల డాలర్ల దాకా పోతోందని అంచనాలు కోర్టు ముందుకు వచ్చాయి. సౌత్ డకోటాకు ఆదాయపన్ను లేదు, బతుకంతా అమ్మకపు పన్ను మీదే. అది 2016లో ఒక చట్టం చేసింది. మా రాష్ట్రంలో మీకు దుకాణం లేకపోయినా సరే, ఏడాదిలో మావాళ్లకు లక్ష డాలర్లకు మించి అమ్మితే, లేదా 200 ఆర్డర్లు పంపితే, పన్ను వసూలు చేయాల్సిందే అంది. వేఫేర్, ఓవర్‌స్టాక్, న్యూఎగ్ కంపెనీలు కాదన్నాయి. 2018 జూన్ 21న సుప్రీంకోర్టు 5-4 తేడాతో సౌత్ డకోటా పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ కెనడీ తీర్పు రాశారు. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ విభేదించారు.

రాబర్ట్స్ విభేదించిన తీర్పును చిన్న వ్యాపారి ఎవరైనా ఒకసారి చదవాలి. అందులో ఆయన మన బాధే చెప్పారు. దేశంలో 10,000కు పైగా పన్ను పరిధులున్నాయనీ, న్యూజెర్సీలో స్వెటర్ అల్లడానికి కొన్న ఊలుకు పన్ను లేదు గానీ కళాకృతి చేయడానికి కొంటే ఉంటుందనీ, టెక్సాస్‌లో డియోడరెంటుకు పన్ను పడి చెమట ఆపే మందుకు పడదనీ ఉదాహరణలిచ్చారు. ఈ మెలికలన్నీ తేల్చుకోవడానికి పెద్ద కంపెనీలకు మనుషులుంటారు, మూలనున్న చిన్న దుకాణానికి ఎవరుంటారన్నది ఆయన ప్రశ్న. పోట్లాట రాష్ట్రాలకూ పెద్ద పెద్ద కంపెనీలకూ మధ్య. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు దెబ్బ తగిలింది మాత్రం చిన్నవాళ్లకు. తీర్పు వచ్చాక పన్నున్న రాష్ట్రాలన్నీ ఒక్కొక్కటే సౌత్ డకోటా దారి పట్టాయి. ఫ్లోరిడా 2021 జులైలో, అందరికంటే చివరగా మిస్సోరీ 2023 జనవరిలో.

గీత ఎక్కడుంది?

వేరే రాష్ట్రంలో మీకేమీ లేకపోయినా, అక్కడికి అమ్మిన మొత్తం ఒక గీత దాటితే మీకు అక్కడ ‘నెక్సస్’ ఏర్పడిందంటారు. ఆ గీత రాష్ట్రానికో చోట ఉంటుంది. ఎక్కువ రాష్ట్రాల్లో లక్ష డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో 5 లక్షలు. అలబామా, మిసిసిపీలలో రెండున్నర లక్షలు. న్యూయార్క్‌లో 5 లక్షల డాలర్లూ, 100కు మించి ఆర్డర్లూ రెండూ దాటాలి. కనెక్టికట్‌లో లక్ష డాలర్లు, 200 ఆర్డర్లు, అక్కడా రెండూ ఉండాలి.

ఏడాదంటే ఏ ఏడాది అన్నదీ అంతే. చాలా రాష్ట్రాలు క్యాలెండర్ ఏడాది చూస్తాయి, నిరుటిది గానీ ఈ ఏటిది గానీ. టెక్సాస్ గడచిన 12 నెలలు చూస్తుంది. కనెక్టికట్‌కు సెప్టెంబరు 30తో ఏడాది ముగుస్తుంది. ఏయే అమ్మకాలు లెక్కలోకి వస్తాయన్నది ఇంకో మెలిక. పన్ను పడని సరుకును కూడా టెక్సాస్ కలుపుకుంటుంది. ఫ్లోరిడా పన్ను పడే సరుకునే లెక్కిస్తుంది.

నాకు అన్నింటికంటే అన్యాయంగా కనిపించేది ‘లేదా 200 ఆర్డర్లు’ అన్న నియమం. న్యూజెర్సీ 2018 నవంబరులో పెట్టిన నియమం లక్ష డాలర్లు లేదా 200 ఆర్డర్లు. ఒకామె 15 డాలర్ల జుంకాలు అమ్ముతుందనుకుందాం. 200 ఆర్డర్లకు 3,000 డాలర్లు. మొత్తం మీద అక్కడి 6.625 శాతం పన్ను వసూలు చేసినా వచ్చేది 198 డాలర్ల 75 సెంట్లు. ఆ మాత్రం దానికి ఆమె రిజిస్టరు చేసుకోవాలి, రిటర్నులు వేయాలి, సీపీఏకో సాఫ్ట్‌వేరుకో డబ్బు పెట్టాలి. ఇంకొకాయన 800 డాలర్ల వెండి పళ్లేలు 120 అమ్మాడు. 96,000 డాలర్లు. ఆయన్ని ఎవరూ అడగరు. ఈ వెర్రి లెక్క రాష్ట్రాలకూ మెల్లగా తెలిసొస్తోంది. ఈ నియమం పుట్టించిన సౌత్ డకోటాయే 2023 జులైలో ఆర్డర్ల లెక్క తీసేసింది. ఇండియానా 2024 జనవరిలో, నార్త్ కరోలినా, వయోమింగ్ 2024 జులైలో, యూటా 2025 జులైలో, ఇల్లినాయ్ 2026 జనవరిలో తీసేశాయి. తీయని రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. చిన్న ధరల సరుకు ఎక్కువ మందికి అమ్మేవాళ్లు అందుకే డాలర్లతో పాటు ఆర్డర్లూ లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ మూడో గడి. ఒక ఎక్సెల్ షీటు చాలు. ప్రతి ఆర్డరుకూ తేదీ, వెళ్లిన రాష్ట్రం, పూర్తి చిరునామా, సరుకు రకం, ధర, షిప్పింగు ఛార్జీ, ఏ దారిన అమ్మారు (ఎట్సీ, అమెజాన్, సొంత సైటు, వాట్సాప్), పన్ను తీసుకుంటే ఎంత. నెలాఖరున రాష్ట్రాల వారీగా కూడిక. ఏ రాష్ట్రంలోనైనా గీతలో ముప్పాతిక వంతు చేరితే ఆ వరసకు రంగు వేయండి. గీత దాటిన మర్నాటి నుంచే వసూలు మొదలుపెట్టాలనే రాష్ట్రాలున్నాయి, నెలో రెండు నెలలో గడువిచ్చేవీ ఉన్నాయి. ముందే తెలిసి ఉంటే ఆ కొద్ది రోజుల్లో పన్ను వసూలుకు కావలసిన పర్మిట్ తెచ్చుకోగలుగుతారు.

జెల్ (Zelle) యాప్‌లో తీసుకున్నా, నగదుగా తీసుకున్నా, స్నేహితుల గ్రూపులో అమ్మినా అవీ ఇందులో రాయాల్సినవే. 1099-కే రాలేదు కాబట్టి లెక్క లేదనుకునేవాళ్లు తరచూ కనిపిస్తారు. ఆ కాగితం ఆదాయపన్ను వ్యవహారం. సేల్స్ టాక్స్‌కు దానితో సంబంధం లేదు.

ముందు మీ ఇల్లున్న రాష్ట్రం

ఈ గీతలన్నీ వేరే రాష్ట్రాల కోసం. మీరు కూర్చుని అమ్మే రాష్ట్రంలో గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. క్రమంగా వ్యాపారం చేసేవాళ్లు మొదటి డాలరు నుంచే వసూలు చేయాలి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండి చీరలు అమ్మే ఆమె టెక్సాస్ కంప్ట్రోలర్ దగ్గర పర్మిట్ తీసుకుని, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు అమ్మిన ప్రతి చీర మీదా 8.25 శాతం వసూలు చేయాలి. రాష్ట్రానికి ఆరుంబావు, స్థానికంగా రెండు. టెక్సాస్‌లో బట్టలకు మినహాయింపు లేదు, ఆగస్టులో పన్ను సెలవు ప్రకటించే వారాంతం 100 డాలర్ల లోపు వాటికి తప్ప. షిప్పింగు ఛార్జీ మీద కూడా పన్ను పడుతుంది. వర్జీనియాలో బిల్లు మీద విడిగా చూపిస్తే పడదు. ఇలాంటివి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకోవాల్సిందే.

పర్మిట్‌కు అప్లై చేసే ముందు ఇంకో సంగతి. దీన్ని సీపీఏలు అడగరు, మనవాళ్లు చెప్పరు. వ్యాపారం నడిపేవారు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్-4 మీద ఉన్న కొందరికి 2015 నుంచి పని అనుమతి కార్డు దొరుకుతోంది. ఆ కార్డు చేతిలో ఉంటే సొంత వ్యాపారం చేసుకోవచ్చు. లేనివాళ్లు, విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు, హెచ్-1బీ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ప్యాకింగ్ చేసేవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవాలి. రాష్ట్ర పన్నుశాఖ మీ వీసా అడక్కుండానే పర్మిట్ ఇచ్చేయవచ్చు. ఆ పర్మిట్ మీకు పనిచేసే హక్కు ఇవ్వదు. పైగా మీరు వ్యాపారం చేశారనడానికి కాగితం మీద సాక్ష్యంగా మిగులుతుంది.

పర్మిట్ వచ్చాక కలిగే ఒక లాభం చాలామంది వాడుకోరు. హోల్‌సేల్‌గా ఇంకో అమెరికా వ్యాపారి దగ్గర కొనేటప్పుడు రీసేల్ సర్టిఫికెట్ ఇస్తే మీరు పన్ను కట్టక్కర్లేదు, తిరిగి అమ్మే సరుకు కాబట్టి. అయితే ఆ సరుకులోంచి ఒక చీర తీసి ఆడపడుచుకు పెట్టారనుకోండి, అది అమ్మకానికి కాదు గనుక ఆ చీర మీద యూజ్ టాక్స్ మీరే కట్టాలి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు స్టాకులో తేడా చూసి మొదట అడిగేవి ఇలాంటివే.

చీరకు ఒక లెక్క, చిక్కీకి ఒక లెక్క

గీత దాటిన చోట ఏ సరుకు మీద ఎంత అన్నది తేల్చుకోవడం అసలు పని. మన సరుకులతోనే చూద్దాం.

న్యూజెర్సీలో బట్టల మీద పన్ను లేదు, చీరకూ జాకెట్టుకూ అంతే. నగల మీద ఉంది. ఒకే పెట్టెలో పట్టుచీరా కాసులపేరూ పంపితే ఇన్‌వాయిస్‌లో రెండు వేర్వేరు వరసలుండాలి. ‘పెళ్లి సెట్టు, 400 డాలర్లు’ అని ఒకే వరసలో రాశారంటే మొత్తం మీద పన్ను అడిగే అవకాశం మీరే ఇచ్చినట్టు.

న్యూయార్క్ నగరంలో 110 డాలర్ల లోపు బట్టకు పన్ను లేదు. 105 డాలర్ల చీరకు సున్నా. 115 డాలర్ల చీరకు మొత్తం 115 మీదా 8.875 శాతం, అంటే 10 డాలర్ల పైచిలుకు. ధర నిర్ణయించేటప్పుడు ఇది గుర్తుంటే 112కు అమ్మాల్సింది 109కి అమ్మి కొన్నవాళ్ల దగ్గర మంచిపేరు తెచ్చుకోవచ్చు. నగరం దాటి రాష్ట్రంలోని వేరే కౌంటీలకు వెళ్తే, స్థానిక పన్ను మాత్రం వేసేవి ఉన్నాయి. మసాచుసెట్స్‌లో హద్దు 175 డాలర్లు. అక్కడ హద్దు దాటితే పైన ఉన్న మొత్తానికే 6.25 శాతం. 200 డాలర్ల చీరకు 25 డాలర్ల మీదే పన్ను.

పెన్సిల్వేనియాలో రోజువారీ బట్టలకు పన్ను లేదు, వేడుకలకు కట్టే ఫార్మల్ దుస్తులకు ఉంది. మరి కంచిపట్టు? మన దృష్టిలో అది గుడికీ కడతారు, పెళ్లికీ కడతారు, పేరంటానికీ కడతారు. చట్టం రాసినవాళ్ల మనసులో పెళ్లిగౌన్లు, టక్సీడోలు ఉన్నాయి. ఇలాంటి చోట గ్రూపుల్లో ఎవరో చెప్పిన మాట పట్టుకోకుండా రాష్ట్ర రెవెన్యూ శాఖకు రాతపూర్వకంగా ప్రశ్న పంపి, వచ్చిన జవాబును ఫైల్లో పెట్టుకోవడం ఉత్తమం. రేపు ఆడిట్ వస్తే ఆ జవాబే మీకు అండ.

తినుబండారాలకు వస్తే ఇంకా తమాషా. చాలా రాష్ట్రాల్లో కిరాణా సరుకుకు పన్ను లేదు, క్యాండీకి ఉంది. క్యాండీ అంటే ఏమిటన్నదానికి స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ టాక్స్ అనే ఉమ్మడి ఒప్పందంలో ఉన్న రాష్ట్రాలు ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. తీపికి పప్పులో, పండ్లో, చాక్లెట్టో కలిపి ముక్కలుగా, బిళ్లలుగా చేసినది క్యాండీ. అందులో ‘ఫ్లోర్’, అంటే పిండి ఉంటే కాదు. ఆ మాట లేబుల్ మీది పదార్థాల్లో కనిపించాలి. ఈ లెక్కన న్యూజెర్సీకి పంపిన పల్లీ చిక్కీ క్యాండీ, పన్ను పడుతుంది. మైసూర్‌పాకు లేబుల్ మీద ‘గ్రామ్ ఫ్లోర్’ అని ఉంటే అది క్యాండీ కాదు. ‘బేసన్’ అని మాత్రమే రాస్తే వాదించుకోవాల్సి రావచ్చు. రాబర్ట్స్ కూడా ట్విక్స్, స్నికర్స్‌లకు ఇల్లినాయ్‌లో ఇలాగే వేర్వేరు లెక్కలున్నాయని ఎత్తిచూపారు. ఇంట్లో చేసిన పచ్చళ్లు, పిండివంటలు రాష్ట్రం దాటించడానికి ఆహార భద్రత నియమాలు వేరే ఉన్నాయి. అవి పన్నుకంటే కఠినం. వాటిని దాటకుండా పన్ను దాకా రావడంలో అర్థం లేదు.

రేటు చూసేటప్పుడు జిప్ కోడ్‌ను నమ్మకండి. ఒకే జిప్ కోడ్‌లో రెండు నగరాల సరిహద్దులు, మూడు రేట్లు ఉండే చోట్లు ఉన్నాయి. పూర్తి చిరునామాతోనే రేటు తీయాలి. చాలా రాష్ట్రాల సైట్లలో చిరునామా వేస్తే రేటు చూపే పేజీ ఉచితంగా ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు బయటివాళ్లకు పని తేలిక చేశాయి. అలబామాలో చేరితే రాష్ట్రమంతా ఒకటే 8 శాతం. టెక్సాస్ బయటి వ్యాపారులు స్థానిక రేట్ల గొడవ లేకుండా 1.75 శాతం ఒకే స్థానిక రేటు ఎంచుకోవచ్చు. కొలరాడోలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ సొంతంగా పన్ను వసూలు చేసుకునే నగరాలున్నాయి. లూసియానాలో పారిష్‌లు, అంటే వాళ్ల కౌంటీలు, 64 ఉన్నాయి. లూసియానాలోని ఈ స్థానిక భారం భరించలేమని అరిజోనాకు చెందిన హాల్‌స్టెడ్ బీడ్ అనే పూసలు, నగల సామగ్రి అమ్మే కుటుంబ వ్యాపారం 2021లో ఫెడరల్ కోర్టుకెక్కింది. రాష్ట్ర పన్ను తగాదాలు ఇక్కడ కాదంటూ కోర్టు దాన్ని కొట్టేసింది.

ఎట్సీ కడితే మీరు కట్టక్కర్లేదు. షాపిఫై కట్టదు

ఎట్సీ, అమెజాన్, ఈబే, వాల్‌మార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మితే పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత ఇప్పుడు పన్నున్న రాష్ట్రాలన్నింటిలో ఆ కంపెనీలదే. వేఫేర్ తీర్పు తర్వాత చిన్నవాళ్లకు దక్కిన నిజమైన ఊరట ఇదొక్కటే. ఎట్సీలో మాత్రమే అమ్మే ఆమెకు తన రాష్ట్రం బయట పని చాలా తక్కువ. అయితే అక్కడ అమ్మిన మొత్తాన్ని కూడా మీ గీత లెక్కలో కలిపే రాష్ట్రాలున్నాయి. ఎట్సీతో పాటు సొంత సైటూ నడిపేవాళ్లు ఇది మరిచిపోకూడదు.

షాపిఫై సంగతి వేరు. మీ సొంత సైటులో అది పన్ను లెక్కగట్టి కొన్నవాళ్ల దగ్గర తీసుకుంటుంది. అక్కడితో సరి. ఆ డబ్బు మీ ఖాతాలోకి వస్తుంది, రిటర్ను వేసి కట్టాల్సింది మీరే. ‘షాపిఫై కోసేసుకుంటోంది కదా’ అనుకుని రెండేళ్లు గడిపేసినవాళ్ల పరిస్థితి అసలు వసూలు చేయనివాళ్లకంటే ఘోరం, ఎందుకో కిందకు వస్తే చెబుతాను. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ లైవ్ అమ్మకాలకైతే లెక్కగట్టే దిక్కు కూడా లేదు.

అమెజాన్ గిడ్డంగిలో సరుకు పెట్టి అమ్మేవాళ్లకు ఇంకో ముడి. సరుకు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడ మీకు ఉనికి ఉన్నట్టేనని చాలా రాష్ట్రాలు అంటాయి. ఏ గిడ్డంగిలో పెట్టాలో నిర్ణయించేది అమెజాన్, మీరు కాదు. పెన్సిల్వేనియా కామన్‌వెల్త్ కోర్టు 2022లో ఆన్‌లైన్ మర్చంట్స్ గిల్డ్ కేసులో ఆ ఒక్క కారణం చాలదని వ్యాపారుల పక్షాన చెప్పింది. ఆ తీర్పు ఆ రాష్ట్రానికే.

మనవాళ్లకు ఉనికి ఏర్పడే ఇంకో చోటు తెలుగు సభలు. తానా సభలు 2023లో ఫిలడెల్ఫియాలో, 2025లో మిషిగన్‌లోని నోవైలో జరిగాయి. అలాంటి చోట మూడు రోజులు స్టాల్ పెట్టి చీరలు, నగలు అమ్మితే అది ఆన్‌లైన్ అమ్మకం కాదు. సరుకుతో సహా మీరు ఆ రాష్ట్రంలో దిగి అమ్మినట్టు. గీతతో పనిలేదు. ఆ రాష్ట్రం నుంచి తాత్కాలిక పర్మిట్ తీసుకుని, అమ్మిన దాని మీద వసూలు చేసి, కట్టి రావాలి. ఫిలడెల్ఫియాలో రోజువారీ చీరకు పన్ను లేదు, నగకు 8 శాతం. నోవైలో చీరకైనా నగకైనా 6 శాతం. స్టాల్‌కు డబ్బు కట్టేటప్పుడే నిర్వాహకులను పర్మిట్ గురించి అడగండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని నేరుగా అమెరికా ఇళ్లకు పార్సెళ్లు పంపేవాళ్లకూ ఈ గీతలు వర్తిస్తాయి. భారత్, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం ఆదాయపన్నుకు సంబంధించింది, రాష్ట్రాల సేల్స్ టాక్స్‌ను అది ఆపదు. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న కస్టమ్స్ మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. అది సుంకం, దాని లెక్క వేరు. అది కట్టినంత మాత్రాన ఇది తీరదు.

వసూలు, కట్టుబడి

పర్మిట్ లేకుండా పన్ను పేరుతో ఒక్క సెంటు కూడా తీసుకోకండి. అది నేరం కిందకు వస్తుంది. అలాగని భయపడి 45 రాష్ట్రాల్లోనూ రిజిస్టరు చేసుకోకండి. ప్రతి పర్మిట్ వెనకా రిటర్నులు వస్తాయి, అమ్మకం లేని నెలా వేయాలి. టెక్సాస్‌లో సున్నా రిటర్ను ఆలస్యమైనా 50 డాలర్ల జరిమానా. సమయానికి కట్టినవాళ్లకు అదే టెక్సాస్ అర శాతం తగ్గింపు ఇస్తుంది. అంటే మీరు చేసిన చాకిరీకి కూలి అన్నమాట, కాఫీ డబ్బులు.

పర్మిట్లు రాష్ట్ర ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. టెక్సాస్, న్యూజెర్సీలలో ఉచితం, కనెక్టికట్‌లో 100 డాలర్లు. ప్రభుత్వ సైటులా కనిపించి వందలు వసూలు చేసే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో ముందు వస్తుంటాయి. నాలుగైదు రాష్ట్రాల్లో గీత దాటినవాళ్లు స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ టాక్స్ దారి చూడాలి. న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా, మిషిగన్, ఒహాయో, వాషింగ్టన్ సహా 24 రాష్ట్రాలకు ఒకే దరఖాస్తు. అర్హత ఉన్న బయటి వ్యాపారికి ఆ రాష్ట్రాల పన్ను లెక్క, రిటర్నులు చేసిపెట్టే సాఫ్ట్‌వేరు కంపెనీ ఖర్చు రాష్ట్రాలే భరిస్తాయి. ఇంత మంచి సదుపాయం ఉందని తెలియక నెలనెలా డబ్బు పోస్తున్నవాళ్లను చూస్తే ఉసూరుమనిపిస్తుంది. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూయార్క్, ఫ్లోరిడా ఇందులో లేవు.

వసూలైన పన్నుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. వారానికోసారి ఆ మొత్తం అందులోకి మార్చేయండి. దసరా స్టాకు కొనడానికి చేయి చాచినా అందకుండా ఉండాలి. ఆ డబ్బు కొన్నవాళ్లు రాష్ట్రానికి ఇమ్మని మీ చేతిలో పెట్టింది. వాడుకుంటే, మీ వ్యాపారం ఎల్‌ఎల్‌సీ కంపెనీగా ఉన్నా అది అడ్డురాదు. మీ సొంత ఆస్తి మీదకే రాష్ట్రం వస్తుంది.

గడిచిపోయిన ఏళ్లు

ఇదంతా చదివి ఎక్సెల్ తీసి కూడితే, మూడేళ్ల కిందటే ఒక రాష్ట్రంలో గీత దాటినట్టు తేలవచ్చు. వెంటనే ఆ రాష్ట్రం సైటుకెళ్లి పర్మిట్‌కు అప్లై చేయకండి. ఎప్పటి నుంచి అమ్ముతున్నారని అది అడుగుతుంది. నిజం రాస్తే పాత బాకీ, వడ్డీ, జరిమానా అన్నీ కదులుతాయి. అబద్ధం రాస్తే ఇంకా పెద్ద చిక్కు. ఊరుకుంటే కాలదోషం పడుతుందనీ ఆశపడకండి. రిటర్నే వేయనివాళ్లకు సాధారణంగా కాలపరిమితి మొదలే కాదు.

దీనికి ఉన్న దారి వాలంటరీ డిస్‌క్లోజర్ అగ్రిమెంట్. మీ తరఫున సీపీఏ గానీ లాయరు గానీ పేరు చెప్పకుండా రాష్ట్రాన్ని సంప్రదించవచ్చు. ఒప్పందం కుదిరితే సాధారణంగా మూడు, నాలుగేళ్ల వెనక్కే చూస్తారు, జరిమానా వదిలేస్తారు, వడ్డీ కట్టాలి. రాష్ట్రం మీకు ముందే ఉత్తరం రాసి ఉంటే ఈ తలుపు మూసుకున్నట్టే. కొన్నవాళ్ల దగ్గర పన్ను తీసుకుని కట్టని సొమ్ముకు మాత్రం మామూలుగా ఈ ఏళ్ల హద్దు ఉండదు, అంతా కక్కాల్సిందే. షాపిఫై కోతను నమ్ముకున్నవాళ్ల గతి ఘోరం అన్నది ఇందుకే.

ఒప్పందానికి వెళ్లే ముందు బాకీ ఎంతో లెక్క వేయించండి. మార్కెట్‌ప్లేస్ కట్టేసినవి, పన్ను లేని సరుకు, రీసేల్ అమ్మకాలు తీసేస్తే భయపడినంత ఉండదు చాలాసార్లు. సీపీఏకు ఇచ్చే ఫీజుకంటే బాకీ తక్కువగా ఉన్న రాష్ట్రాలూ తేలతాయి. అక్కడ ఎలా చేయాలో ఆయన్నే అడగండి, గీత ఎప్పుడు దాటారో చూపే మీ షీటు ఆయన ముందు పెట్టి.

వ్యాపారం ఆపేసినవాళ్లకు ఒక్క పని మిగిలి ఉంటుంది. అమ్మకాలు ఆగిన రాష్ట్రంలో ఫైనల్ రిటర్ను వేసి పర్మిట్ రద్దు చేయించుకోవాలి. గీత దాటిన ఏడాదే కాక దాని తర్వాత కూడా కొంతకాలం వసూలు చేయాలనే రాష్ట్రాలుంటాయి, ఆ గడువు చూసుకుని చేయండి. చేయించుకోకపోతే రిటర్ను రాలేదని రాష్ట్రమే ఒక అంచనా వేసి బిల్లు పంపుతుంది. ఇల్లు మారిన చిరునామా వాళ్ల దగ్గర లేకపోతే ఆ బిల్లు పాత ఇంటికి వెళుతుంది, గడువు మాత్రం మీకే నడుస్తుంది. రద్దయినట్టు వచ్చిన ఉత్తరాన్ని, చివరి నాలుగేళ్ల షీట్లనూ ఇన్‌వాయిస్‌లనూ ఒకే చోట భద్రపరచండి.